గ్యారేజీ కప్పు మన శ్లాబు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది తెనాలి. పన్నెండేళ్ళుగా టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్నాం. పొద్దున్నే కాఫీ తాగుతూ మీ పేపరు ఫోన్లో చదవడం నాకు అలవాటు, ఊళ్ళో మా అమ్మానాన్నా చదివేదీ ఇదే, కాబట్టి ఇందులో రాస్తే ఇక్కడి పిల్లలకీ అక్కడి పెద్దవాళ్ళకీ ఒకేసారి చేరుతుందని మీకు రాస్తున్నాను. సంగతి ఏంటంటే, గ్యారేజీ కప్పుకి ఇనప రాక్‌లు వేలాడదీసి వాటి మీద ఇంటి సామాను పెట్టడం. పోయిన సెప్టెంబర్లో మా ఇంట్లో అలాంటి రాక్ ఒక పక్కంతా ఊడి కింద పడింది. దాని కిందే మా నాన్న అంతకుముందు రెండు నెలలపాటు రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

రాక్ పడ్డానికి వారం ముందు ఆయన ఆ కుర్చీ పక్కకి జరుపుకున్నారు. ఎందుకు జరిపారో తర్వాత చెబుతాను.

ఇక్కడి గ్యారేజీల గురించి ఊళ్ళో వాళ్ళకి కొంచెం చెప్పాలి. డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడి లాంటిది, వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అనే పేరు కూడా ఆ నల్ల నేల వల్లే వచ్చింది. అందుకే ఇక్కడి ఇళ్ళకి నేలమాళిగలు దాదాపుగా ఉండవు. పెరట్లో షెడ్డు వేసుకుందామంటే చాలా కాలనీల్లో అసోసియేషన్ అనుమతి కావాలి. ఇక మిగిలింది రెండు కార్లు పట్టే గ్యారేజీ, సుమారుగా ఇరవై అడుగులకి ఇరవై అడుగులు. ఇండియా సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, వరలక్ష్మీ వ్రతం మండపం, సంక్రాంతి బొమ్మల కొలువు మెట్లు, యాభై మందికి వండే గిన్నెలు, పిల్లలకి పొట్టయిపోయిన సైకిళ్ళు, అన్నీ అక్కడికే చేరతాయి. వేపుళ్ళ వాసన ఇంట్లోకి రాకూడదని చాలామంది అక్కడే ఒక స్టవ్వు కూడా పెడతారు. వెనకటి ఇళ్ళల్లో వసారా, దొడ్డి, కొట్టుగది మూడూ చేసే పని ఇక్కడ ఒక్క గ్యారేజీ చేస్తుంది. ఆర్నెల్ల వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళు సాయంత్రం ఎండ తగ్గాక పెద్ద తలుపు పైకెత్తి, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కుక్కల్ని తిప్పేవాళ్ళనీ స్కూలు నుంచి వచ్చే పిల్లల్నీ చూస్తూ అక్కడే కూర్చుంటారు. అరుగు లేని ఊళ్ళో వాళ్ళకి అదే అరుగు.

నేల నిండిపోయాక కళ్ళు పైకి పోతాయి కదా. కార్ల మీద అంత జాగా ఖాళీగా ఉంది, వాడుకుంటే తప్పేంటి అనిపిస్తుంది. మేమూ అలాగే నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న రాక్ కొన్నాం. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో 600 పౌండ్లు మోస్తుందని ఉంది. అంటే 270 కిలోల పైమాట. బిగించడానికి ఒకాయన్ని పిలిస్తే గంటన్నరలో పని ముగించి వెళ్ళాడు. మేము కూడా పట్టుకుని ఊపి చూశాం, గట్టిగానే ఉంది. నిండుగా నాలుగు సూట్‌కేసులు, పుస్తకాల పెట్టెలు రెండు, స్టీలు గిన్నెల పెట్టె ఒకటి, బియ్యం బస్తాలు ఐదు పైకెక్కించాం. పడ్డాక అన్నీ తూచి చూశాను, మొత్తం 440 పౌండ్లు వచ్చింది. 600 కంటే చాలా తక్కువే. అయినా పడింది.

నాన్న జూన్‌లో వచ్చారు. ఆగస్టు చివర్లో ఒకరోజు "ఏమ్మా, పైనించి సున్నం రాలుతున్నట్టుందే" అన్నారు. వెళ్ళి చూస్తే కారు బానెట్ మీద ఒకేచోట చిటికెడు తెల్ల పొడి, ముగ్గు పెట్టేటప్పుడు వేళ్ళ సందులోంచి జారినట్టు చిన్న కుప్ప. తుడిచేశాను. మర్నాడు అదేచోట మళ్ళీ ఉంది. కొత్త ఇల్లు నాన్నా, ఏం కాదులే అన్నాను. ఆయన వాదించలేదు, కుర్చీ మాత్రం ఆరడుగులు ఇవతలికి, తలుపు దగ్గరికి లాక్కున్నారు. "మన పెంకుటింట్లో అటక మీంచి ఇట్టా పొడి రాలితే మా నాన్న ముందు కింద పడుకున్న వాళ్ళని లేపేవాడు, తర్వాతే పైకి చూసేవాడు" అన్నారు. ఆ మాట విని కూడా నేను నిచ్చెన వేసుకుని పైకి చూడలేదు. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది.

వారం తర్వాత రాత్రి ఒంటిగంట దాటాక పెద్ద చప్పుడైంది. రాక్ ఒక పక్క పూర్తిగా కిందికి వాలి, ఇంకో పక్క కప్పుకే వేలాడుతోంది. గిన్నెల పెట్టె కారు వెనక అద్దం పగలగొట్టుకుని, నాన్న కుర్చీ ముందు ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడ పడింది. పొద్దున ఊడిన స్క్రూలు ఏరి పేపరు మీద పెట్టి చూశాం. నా చూపుడు వేలంత పొడుగు, లావు స్క్రూలు. ఒకదాని మరల్లో చెక్క పీచు ఉంది, అది కూడా ఒకవైపే, అంటే చెక్క అంచుని గీరుకుంటూ వెళ్ళింది. మిగతా రెంటికీ చెక్క ఆనవాలే లేదు. మరల్నిండా తెల్ల పొడి. కారు మీద రాలింది ఆ పొడే.

ఆ పొడి ఏంటంటే, ఇక్కడి కప్పు అడుగున బిగించే జిప్సం అట్ట, డ్రైవాల్ అంటారు. మామూలుగా అర అంగుళం మందం. దాని పైన చెక్కబద్దల్ని త్రికోణాల చట్రంలా కూర్చిన ట్రస్‌లు ఉంటాయి. మన పెంకుటిళ్ళ దూలాలు, వాసాలు గుర్తున్నవాళ్ళు వాటితో పోల్చుకోవద్దు. అక్కడ టేకు దూలం ఇద్దరు పట్టుకుంటే గానీ లేచేది కాదు. ఇక్కడ ట్రస్ కింది బద్ద చాలా ఇళ్ళల్లో టూ బై ఫోర్ కర్ర, పేరుకి రెండంగుళాలే గానీ అసలు మందం ఒకటిన్నర అంగుళం. రెండు వేళ్ళ వెడల్పు అనుకోండి. అలాంటివి రెండేసి అడుగుల దూరంలో ఒకటి ఉంటుంది. వాటి మధ్యలో ఉన్నదంతా ఉత్త అట్టే. కింద నుంచి చూస్తే అంతా ఒకేలా తెల్లగా, నున్నగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ కర్ర ఉందో, ఎక్కడ లేదో కంటికి తెలియదు. ఆ రెండు వేళ్ళ వెడల్పు మధ్యలో స్క్రూ దిగాలి. పక్కకి పోతే బరువంతా అట్ట మీదే.

మనకి ఈ భయం లేకపోవడానికి కారణం శ్లాబు అని నాకు అనిపిస్తుంది. మనం పుట్టి పెరిగిన ఇళ్ళల్లో కప్పు అంటే సిమెంటు, ఇనప కడ్డీలు. పోత పోసేటప్పుడే ఫ్యాను కొక్కెం, ఉయ్యాల కొక్కెం వేయించుకుంటాం, ఆ ఉయ్యాల మీద ముగ్గురు పిల్లలెక్కి ఊగినా పైన పెచ్చు ఊడదు. ఇండియాలో ఇళ్ళ గదుల శ్లాబుల్ని ఐఎస్ 875 ప్రకారం చదరపు మీటరుకి సుమారు 200 కిలోల వాడకం బరువు తట్టుకునేలా లెక్క వేస్తారు. ఇక్కడి కొలతలోకి మారిస్తే చదరపు అడుగుకి 40 పౌండ్ల పైమాటే. చిన్నప్పటినుంచి మన చేతులకీ కళ్ళకీ తెలిసిన కప్పు అది. గోడ పైన సజ్జ మీద ఏం పెట్టినా, ఎంత పెట్టినా మనం ఎప్పుడైనా ఆలోచించామా? ఆ నమ్మకాన్నే సముద్రం దాటించి తీసుకొచ్చి జిప్సం అట్ట మీద పెడుతున్నాం.

ఇక్కడ ఇళ్ళ నిర్మాణానికి చాలా రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్‌లో ఒక పట్టిక ఉంది. సామాను పెట్టని అటకకి చదరపు అడుగుకి 10 పౌండ్లు, కొద్దిపాటి సామాను పెట్టుకునే అటకకి 20, పడగ్గది నేలకి 30, మిగతా గదుల నేలకి 40. పైన గది లేని గ్యారేజీ కప్పు సాధారణంగా ఆ మొదటి రకంలోకి వస్తుంది. మేము ఇల్లు కట్టినవాళ్ళకి మెయిల్ రాసి, ట్రస్ డ్రాయింగ్ పంపమని అడిగాం. నాలుగు రోజుల్లో పంపారు. ఎడమ పక్కన ఒక చిన్న గడి ఉంది, అందులో నాలుగు వరసలు, అంకెలన్నీ చదరపు అడుగుకి పౌండ్లలో. పైకప్పు మీద పడే బరువులకి రెండు, కింది బద్ద బరువులకి రెండు. బీసీడీఎల్ అని ఉన్నచోట 10.0, అది జిప్సం అట్ట, పైన పరిచే దూది లాంటి ఇన్సులేషన్, ఇలా ఎప్పుడూ ఉండే వాటి బరువు. బీసీఎల్‌ఎల్ అన్నచోట 0.0 అని ఉంది. మనం తర్వాత తెచ్చి పెట్టే బరువులకి ఉన్న వరస అదే. కింద ఒక నోటులో మాత్రం, వేరే వాడకం బరువులేవీ లేనప్పుడు కింది బద్ద చదరపు అడుగుకి 10 పౌండ్లు తట్టుకుంటుందని రాశారు.

ఇప్పుడు రాక్ లెక్క చూడండి. నాలుగు ఎనిమిదులు ముప్పై రెండు చదరపు అడుగులు. అట్టపెట్టె మీద రాసినట్టు 600 పౌండ్లు పెడితే చదరపు అడుగుకి దాదాపు 19. మేము పెట్టిన 440కే 14 దగ్గరికి వచ్చింది, రాక్ సొంత బరువు కలపకుండానే. అంటే ఆ స్క్రూలన్నీ కర్రకి నడిమధ్యలో దిగి ఉన్నా, మేము ఆ కప్పు చేత మోయించకూడని బరువు మోయించాం. బిగించినతని తప్పు ఉంది, గట్టిగానే ఉంది, కానీ బరువు పెట్టింది మేము. ఈ ఒక్క ముక్క అందరికీ తెలియాలనే ఈ ఉత్తరం. పెట్టె మీద రాసిన 600 ఆ ఇనప రాక్ బలం. మీ కప్పు బలం ఎంతో ఆ పెట్టె అమ్మినవాళ్ళకి తెలియదు, తెలిసే దారి కూడా లేదు.

ఇప్పటికే రాక్ ఉన్నవాళ్ళు ఈ శనివారం ఒక గంట కేటాయించి సామానంతా కిందికి దించండి. నిచ్చెన వేసి, కప్పుకి బిగించిన పట్టీల దగ్గర అట్ట మీద సన్నటి గీతల్లాంటి పగుళ్ళు ఉన్నాయేమో, పట్టీకీ కప్పుకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ వచ్చిందేమో టార్చి వేసి చూడండి. పొడి రాలుతుంటే ఇంక ఆలోచించొద్దు. పట్టీ పక్కన సన్న మేకుతో పొడిచి చూస్తే కర్ర ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో రెండంచులూ దొరుకుతాయి, స్క్రూ ఆ రెంటి నడుమ ఉందో లేదో అప్పుడు ఖాయంగా తెలుస్తుంది. గోడల్లో కర్ర వెతికే బ్యాటరీ పరికరం వాడినా సరే, చివరికి మేకుతో చూసుకోవడమే నయం. కొత్తగా బిగించేవాళ్ళు స్క్రూ కంటే సన్నటి రంధ్రం ముందు వేయించాలి, లేకపోతే ఒకటిన్నర అంగుళం కర్ర నిలువునా చీలవచ్చు. ట్రస్ కర్రల్ని ఏ కారణంతోనూ కోయకూడదు, గాడి పెట్టకూడదు, ఇంజనీరు రాసిస్తే తప్ప.

గ్యారేజీ మీద పడగ్గది ఉన్న ఇళ్ళ సంగతి వేరు. అక్కడ పైన మనుషులు తిరుగుతారు కాబట్టి కర్రలు బలంగానే ఉంటాయి. కానీ గదికి మంట అంటుకోకుండా ఆ కప్పుకి కాస్త మందం ఎక్కువున్న, నిప్పుకి నిలిచే రకం జిప్సం బోర్డు వేస్తారు. దానికి ఇష్టమొచ్చినట్టు కన్నాలు చేయకండి.

నన్నడిగితే బరువుని నేలకి దించడమే మంచిది. గ్యారేజీ నేల కాంక్రీటు, దానికి ఏ బెంగా లేదు. పక్క గోడ పొడుగునా నిలువు కాళ్ళున్న అరలు పెట్టి, ముందుకి పడకుండా గోడలో పదహారంగుళాలకి ఒకటిగా ఉండే నిలువు కర్రలకి పైన బిగిస్తే, కారు ముక్కు పైన కూడా రెండడుగుల అర వస్తుంది. మేమిప్పుడు అలాగే చేశాం. కప్పుకే కావాలనుకుంటే ఖాళీ సూట్‌కేసులు, కొలువు మెట్లు, దీపావళి లైట్ల తీగలు, గాలి పరుపులు పెట్టుకోండి, చూడ్డానికి పెద్దవిగా, మోస్తే తేలిగ్గా ఉండేవి. నిచ్చెన మీద నిలబడి ఒంటి చేత్తో తల మీదికి ఎత్తలేని వస్తువు ఏదైనా సరే పైకి పోకూడదు. అది దించేది ఎప్పుడూ మనమే కాదు, మనం ఆఫీసులో ఉన్నప్పుడు "పిల్ల వచ్చేలోపు నేను తీస్తాలే" అని డెబ్బై ఏళ్ళ మనిషి నిచ్చెన ఎక్కుతాడు. మా ఇంట్లో జరిగింది, అందుకే రాస్తున్నాను.

గ్యారేజీ తలుపు సంగతి కూడా చూసుకోవాలి. తలుపు పైకి వెళ్ళి కప్పుకి సమాంతరంగా పడుకుంటుంది కాబట్టి, రాక్ ఎత్తు కొలిచేటప్పుడు తలుపు పూర్తిగా తెరిచి కొలవాలి. తలుపు నడిచే పట్టాలకి సంచులూ సైకిళ్ళూ తగిలించిన ఇళ్ళు చూశాను, అవి తలుపు బరువుకి మాత్రమే చేసినవి, దయచేసి తీసేయండి. పైన ఉండే స్ప్రింగు జోలికి అసలు పోవద్దు, తలుపు బరువంతా అందులో చుట్టి ఉంటుంది.

ఇంకొక విషయం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇక్కడ ఎండాకాలం బయట 100 ఫారన్‌హీట్ దాటే రోజులు వరసగా ఉంటాయి, ఏసీ లేని గ్యారేజీలో కప్పు దగ్గర ఇంకా ఎక్కువ. మా నాన్న ఆర్నెల్లకి సరిపడా బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు తెచ్చుకున్నారు. గదిలో అడ్డమని సగం మాత్రల సంచీ ఆయన సూట్‌కేసులోనే ఉంచి రాక్ మీద పెట్టేశాం. ఆ మాత్రల అట్టల మీద 30 డిగ్రీల సెల్సియస్ మించని చోట ఉంచాలని స్పష్టంగా ఉంది, 100 ఫారన్‌హీట్ అంటే దాదాపు 38. జూలై, ఆగస్టు రెండు నెలలూ ఆ మందులు పైన ఉడికాయి. ఆగస్టులో ఆయన బీపీ ఎందుకు అదుపులో లేదో మాకు అర్థం కాలేదు, మాత్రల వల్లేనని నేను చెప్పలేను, కానీ సూట్‌కేసు తెరిచి ఆ సంచీ చూసినప్పుడు నా చేతులు వణికాయి. మందులు, పచ్చళ్ళు, పాత ఫోటోల ఆల్బమ్‌లు, స్ప్రే డబ్బాలు ఏవీ పైన పెట్టకండి. ప్రొపేన్ సిలిండరు అసలు గ్యారేజీలోనే ఉండకూడదు, దాని చోటు బయటే. అట్టపెట్టెలు వేలాడే చోటుకి కింద స్టవ్వు వెలిగించి పూరీలు వేయించడం, అదీ తలుపు మూసి, ఎంత ప్రమాదమో విడమరిచి చెప్పక్కర్లేదు అనుకుంటాను.

ఇక్కడ ఫిట్టింగ్ పనులు చేసే మన తెలుగు కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు, వారాంతాల్లో కష్టపడి చేస్తారు, వాళ్ళ పొట్ట కొట్టాలని నాకు లేదు. ఒక్కటే అడుగుతున్నాను. రాక్ బిగించే ముందు ఇంటివాళ్ళని ట్రస్ కాగితం అడగండి, ప్రతి స్క్రూ దగ్గరా కర్ర రెండంచులూ పెన్సిల్‌తో గీసి ఫోటో తీసి పంపండి. పది నిమిషాల పని. ఇల్లు కట్టిన కంపెనీ దగ్గర కాగితం దొరక్కపోతే సిటీలో భవన నిర్మాణ అనుమతులిచ్చే ఆఫీసులో అడగొచ్చు.

ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి: మీరు వచ్చినప్పుడు గ్యారేజీలో కూర్చునే ముందు ఒకసారి తల పైకెత్తి చూడండి. పైన పెట్టెలుంటే అక్కడ కూర్చోవద్దు, కింద పొడి కనిపిస్తే పిల్లలు కొట్టిపారేసినా వదలకుండా అడగండి. మా నాన్న అడిగారు. నేనే వినలేదు.

మా అత్తయ్యగారూ మామయ్యగారూ మార్చిలో వస్తున్నారు, ఇలాగే ఎందరి ఇళ్ళకో వేసవికి పెద్దవాళ్ళు వస్తారు, కాబట్టి వీలైతే ఈ ఉత్తరం ఆలోపే వేయండి. మా ట్రస్ డ్రాయింగ్ ఫోటో కూడా జతచేస్తున్నాను, ఇంటి అడ్రసు చెరిపేశాను, 0.0 అని ఉన్న గడి చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీశాను. చోటుంటే ఉత్తరం పక్కన అది కూడా వేయండి, చదివినవాళ్ళకి తమ కాగితంలో ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

నమస్కారాలతో,
మీ పాఠకురాలు
ఫ్రిస్కో, టెక్సాస్